అద్దెల చీటీ

"ఏటిది?"

అప్పలనరసమ్మ ఆ కాగితాన్ని కొడుకు తింటున్న ఇడ్లీ పళ్ళెం పక్కన ఠపీమని పెట్టింది. ఉతకడానికి తీసిన చొక్కా ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

గోపీ నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో కోడలు దేవిశ్రీ, చట్నీ గిన్నెతో నిలబడిపోయింది.

"నీ జేబులో దొరికింది. రాత ఈ మహాతల్లిది. సదువుతాను, ఇను. పెందుర్తి, ఒక గది, నాలుగున్నర వేలు, నీళ్ళు రోజు మార్చి రోజు. గోపాలపట్నం, ఒక గది, ఐదున్నర, కరెంటు బిల్లు వేరే. మధురవాడ, మేడ మీద గది, ఆరు వేలు, స్కూలు దగ్గర. ఎంవీపీ కాలనీ..." అక్కడ ఆమెకి ఊపిరాడలేదు. "తొమ్మిది వేలు! ఒక్క గదికి తొమ్మిది వేలేటిరా? పైన బంగారం రేకులు కప్పేరా? ఆ డబ్బిస్తే మన చోడవరంలో మూడు గదులూ, పెరడూ, పెరట్లో నుయ్యీ ఇచ్చి, ఓనరే వచ్చి ముగ్గేసి ఎల్తాది!"

"అమ్మా, మెల్లిగా..."

"మెల్లిగా ఏటి? ఈదంతా ఇననీ! పెళ్ళయి రెండేళ్ళు నిండలేదు, తల్లిని ఇడిసిపెట్టి ఎలా ఎల్లిపోతన్నావో అందరూ ఇననీ!"

"ఏటొదినా, ఏటి గొడవ?" పక్కింటి కనకదుర్గ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏటీ లేదమ్మా, పాలు పొంగిపోనాయి," అని కిటికీ తలుపు మూసేసింది అప్పలనరసమ్మ.

పొద్దున్నే కాకి అరిస్తే ఎవరి ప్రాణం మీదికొచ్చిందోనని ఆమెకి భయం. కొడుకు పది నిమిషాలు ఆలస్యమైతే లారీ గుద్దేసిందని భయం. అలాంటి మనిషి చేతిలో అద్దెల చీటీ పడింది. ఆమె కళ్ళ ముందు వేరు కాపురం అప్పుడే వెలిసిపోయింది. అందులో గ్యాస్ స్టవ్వు కూడా వెలిగింది.

"నీ సెల్లు షాపు చోడవరంలో, కాపురం విశాఖపట్నంలోనా?" ఈసారి గొంతు తగ్గించి, పళ్ళు పటపటలాడించింది. "రోజూ బస్సుకి ఏలాడుతూ వస్తావా? దారిలో ఏదైనా అయితే నాకెవులు సెప్తారు? పెందుర్తిలో రైలు పట్టాలు, మధురవాడలో కొండ మీంచి పాములు, ఎంవీపీలో సముద్రం! మనిసి బతికే చోటు ఒక్కటీ కనబడలేదేటి మీకు? మేడ మీద రెండు గదులు ఎవులి కోసం ఏయించేనురా?"

"మేం ఎక్కడికీ ఎల్లం అత్తా," అంది దేవిశ్రీ.

"మరి స్కూలు దగ్గరని రాసేవేటే? మీకు పిల్లలేరీ?" అంటూనే ఆమెకి అనుమానమొచ్చింది. కోడలి పొట్ట వైపు ఎగాదిగా చూసింది. "ఒసే, నెల తప్పేవా? ఆ ముక్క కూడా నా కాడ దాచీసేరా?"

"అయ్యో, లేదత్తా!"

"సరే. మరి ఈ గాజువాక సంగతేటి? మూడున్నర వేలు. అన్నిటికంటే సవక. దాన్ని రెండు గీతలు గీసి కొట్టేసేవు. ఎందుకూ? అక్కడ నా కూతురుంది కనక! రేపు బజార్లో ఆడపడుచు ఎదురుపడితే నీకు మొగం సెల్లదు. అంతే కదా?"

గోపీ కాగితం అందుకోబోతే అప్పలనరసమ్మ విసురుగా వెనక్కి లాక్కుంది.

"నా ఉషని సూసి నేర్చుకోవే. అత్తారింట్లో ఎన్ని పడినా నోరెత్తదు. ఏరుపడిపోతానని ఒక్కనాడన్నదా? పెంపకమంటే అదీ!"

"మజ్జిలో సెల్లి ఊసెందుకమ్మా?" గోపీ చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

"ఎందుకా? దాన్నే అడుగుతాను. ఇంటి ఆడపడుచు. తీర్పు అదే సెప్తాది." బొడ్డులో దోపుకున్న ఫోన్ తీసింది.

"వద్దత్తా!" దేవిశ్రీ చట్నీ గిన్నె కింద పెట్టేసి పరుగున వచ్చింది. "ఇప్పుడొద్దు. ఈ ఏళకి అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు."

"ఉండనీ! నా అల్లుడూ ఇంటాడు. నీ బండారం బయట పడిపోతాదని భయమేటి?"

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. కొంచెం ఆగు," అని గోపీ ఎంగిలి చేత్తోనే అడ్డం వచ్చాడు. అప్పటికే ఫోన్ మోగుతోంది. కొడుకూ కోడలూ కూడా వినాలని ఆమె స్పీకరు నొక్కింది.

"ఒసే ఉషా! మీ వదిన విశాఖపట్నంలో ఇల్లు ఎతుకుతందే! ఎక్కడ ఎంత అద్దో చీటీ రాసి పెట్టింది! ఇప్పుడు నువ్వే సెప్పు, ఇది న్యాయమేనా?"

అవతల ఎక్కడో బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఉష గొంతు, దాదాపు గుసగుసగా, గబగబా వచ్చింది.

"అమ్మా, మెల్లిగా మాటాడు, ఆయన తానం చేస్తన్నాడు. మధురవాడ గదే కాయం చేసీమని వదినకి సెప్పు, నాకూ పాపకీ అది సాలు. నీ కాడికి మాత్రం రానమ్మా. మొన్న వీపు మీద వాతలు సూసి కూడా, నలుగురూ ఏటనుకుంటారని నన్ను తిరిగి బస్సెక్కించీసేవు."