శ్రుతి అడిగిన పెద్దమనిషి

"తారక్, పాట బంద్ చెయ్. గాయన మళ్ల వచ్చిండు!"

గిరిబాబు ఆ మాట అనగానే తారక్ కంప్యూటర్ తెర మీద తువ్వాలు కప్పేశాడు.

అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సు కాగితం అంటించే రోజులవి. ఆ కోర్సుకనే వచ్చి, అది వదిలేసి, గిరిబాబు సౌండ్ సర్వీసులో డీజేగా కుదిరాడు తారక్. పెళ్ళిళ్ళకూ వినాయకుడి ఊరేగింపులకూ డ్యాన్సు పాటలు కలిపిపెట్టడం అతని పని.

కలపడమంటే ఒకటయ్యాక ఒకటి వెయ్యడం కాదండీ. మొదటి పాట ఏ నడకలో పోతోందో రెండోది అదే నడకలో అందుకోవాలి. శ్రుతీ కలవాలి. పేరంటంలో ఒకావిడ ఒక శ్రుతిలో, ఇంకొకావిడ ఇంకో శ్రుతిలో ఎత్తుకుంటే వినగలమా? అలా కాకుండా, ఆడేవాళ్ళ అడుగు తడబడకుండా, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారిపోవాలి. ఏ పాటకు ఏది జోడో తేల్చుకోవడానికి తారక్ తిండి కూడా మరిచిపోయి చెవొగ్గి కూర్చునేవాడు.

అలా కుదిర్చిన జోళ్ళన్నీ పోయిన చవితికి పక్క గల్లీలో సౌండ్ సర్వీసు నడిపే హనుమాండ్లు మనిషిని పంపి ఆరా తీయించి, తన లారీ మీద మోగించేశాడు. అప్పట్నించీ గుమ్మంలో ఎవరి నీడ పడినా వీళ్ళకు అనుమానమే.

ఈసారి జోళ్ళకైనా పేరు రావాలి తారక్‌కి. పంజగుట్ట హాస్టల్లో ఉండే మంజూషను అతను మనసారా కోరుకున్నాడు. వాళ్ళ వాళ్ళు ఆదివారం హాస్టల్‌కి వచ్చి అతనితో పెళ్ళి మాట్లాడతామన్నారు. "డీజే" అంటే ముఖం చిట్లించకుండా ఉండాలంటే నలుగురూ చెప్పుకునే పని చూపించాలి కదా!

సరిగ్గా ఇప్పుడే ఈ పెద్దమనిషి దాపురించాడు. నిన్న సాయంత్రమంతా ఎదురు టీ బండి దగ్గర నిలబడి విన్నాడు. ఇవాళ ఏకంగా గుమ్మం ఎక్కాడు.

"బాబూ, ఆ పాటలోంచి ఈ పాటలోకి ఎక్కడ దాటావో తెలియలేదయ్యా. శ్రుతి ఎలా కలుపుతున్నావు?"

గిరిబాబు తారక్ చెవిలో గొణిగాడు.

"చూసినవా? మామూలోడైతే పాట పేరు అడుగుతడు. గీయన శ్రుతి అడుగుతుండు. హనుమాండ్లు మనిషే!"

"నాకూ కాస్త హార్మోనియం పిచ్చి ఉందిలే," నవ్వాడాయన.

"ఉంటది, ఉంటది. గల్లీల అందరికీ ఉంటది," అన్నాడు గిరిబాబు.

తారక్ మొహం గంటు పెట్టుకున్నాడు.

"నేను కలిపేదేం లేదండీ. బటన్ నొక్కితే మిషనే కలిపేస్తుంది."

"మరి ఏ పాట పక్కన ఏది వెయ్యాలో నువ్వే చూసుకోవాలి కదా?"

"చేతికందింది వేసేస్తాను. తాగి ఊగేవాళ్ళకు శ్రుతేంటి, లయేంటి?"

"అంటే... దీన్లో నేర్చుకునేదేం లేదంటావా?"

"ఏం లేదండీ. చదువబ్బక ఇలా కూర్చున్నాను. ఎవరైనా చెయ్యొచ్చు."

ఆయన వెనక్కి తిరిగాడు. నెమ్మదిగా మెట్లు దిగిపోయాడు.

"మస్తు బోల్తా కొట్టించినవ్ భాయ్!" గిరిబాబు వీపు చరిచాడు.

ఆదివారం పొద్దున తారక్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుండగా ఫోన్ మోగింది.

"రావద్దు తారక్. నాన్న వద్దనేశారు." అంది మంజూష.

"నన్ను చూడకుండానే?"

"ముందే వచ్చి కనుక్కున్నారట. ఉద్యోగం లేకపోయినా ఫర్వాలేదు, ఒక విద్య ఉంటే చాలనుకున్నారు. అదీ లేదని నువ్వే చెప్పావట కదా?"

"నేనా? ఎవరితో?"

అవతల ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

తారక్ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పంజగుట్టకు పరుగెత్తాడు.

హాస్టల్ గేటు దగ్గర ఆటో పక్కన నిలబడి, "ఊరుకోమ్మా, ఆ పాటలు వింటుంటే చెయ్యి తిరిగిన కుర్రాడనుకుని నేనూ ఆశపడ్డాను," అంటూ కూతురి కళ్ళు తుడుస్తున్నాడు, హార్మోనియం పిచ్చి ఉందన్న ఆ పెద్దమనిషి.