అమ్మ పోసింది బీరా, వైనా?

“ఆ సీసా కింద పెట్టు అన్నయ్యా! అమ్మ కూరలో ఒక్క చుక్క బీరు పోయడం నేనెప్పుడూ చూళ్ళేదు.”

మ్యురియల్ ఒక చేత్తో గిన్నె మీద మూత అదిమి పట్టుకుంది. రెండో చేతిలో ఎర్ర వైను సీసా. ఎదురుగా ఆమె అన్న రోలండ్ నల్లబీరు సీసా మూత తీసి, ఒంపడానికి సిద్ధంగా ఉన్నాడు. గిన్నెలో ఫెజెంట్ కోడి, కుందేలు, జింక మాంసం ముక్కలు ఉల్లిపాయలతో కలిసి ఎర్రగా వేగి ఉన్నాయి.

“నువ్వు చూడకపోతే పోయనట్టేనా? క్రిస్మస్ ముందురోజు ఇల్లంతా బీరు వాసనే. నా ముక్కుకి తెలుసు.”

“అది నాన్న దగ్గర్నించి వచ్చే వాసనలే!”

పొయ్యి పక్కన పేపరు చదువుకుంటున్న సైలస్ తల పైకెత్తాడు. ఎనభై దాటినా మనిషి గట్టిగానే ఉన్నాడు. ఎస్టేటు అడవిలో కాపలాదారుగా పనిచేసినవాడు.

“ఓవెన్ ఇంకా వేడెక్కినట్టు లేదమ్మా” అన్నాడు మెల్లగా.

“నాన్నా, నీకు తుపాకీ సంగతులు తెలుసుగానీ వంటింటి సంగతులు తెలీవు. నువ్వు పేపరు చదువుకో” అంది మ్యురియల్.

సైలస్ బుద్ధిగా పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు.

తెల్లారితే క్రిస్మస్. ఈస్టరుకి అమ్మ పోయింది. మనవలూ మనవరాళ్ళూ అందరూ రేపు మధ్యాహ్నానికి దిగుతారు. దిగగానే వాళ్ళు అడిగేది ఒక్కటే, నానమ్మ పిండి మూత వేసి కాల్చే వేటమాంసపు ‘పై’. ఆవిడేమో ఏనాడూ కాగితం మీద రాసిపెట్టలేదు. వంటింటి తలుపు గడియ పెట్టుకుని చేసేది. మాంసం కోసివ్వడానికి మొగుణ్ణి తప్ప మరో పురుగుని లోపలికి రానిచ్చేది కాదు.

“ఈసారి తప్పిందంటే ఆ రుచి ఇక ఈ ఇంట్లో ఉండదన్నయ్యా” అంది మ్యురియల్.

రోలండ్ సీసా కింద పెట్టాడు.

“సరే, మాంసం సగం సగం చేద్దాం. నీ వైను నీది, నా బీరు నాది. ఏది అమ్మ రుచో పక్కింటి పిన్ని తిని చెబుతుంది.”

రెండు గిన్నెలు పొయ్యెక్కాయి. రోలండ్ బీరు వంపగానే నురగ పొంగి, గిన్నె బుసబుసమంది. మ్యురియల్ ముక్కు మూసుకుని “సారా కొట్టులా ఉంది” అంది. మాంసం మెత్తబడ్డాక రెంటినీ చెరో పళ్ళెంలో పోసి, పైన పిండి మూతలు పరిచారు. ఆవిరి పోవడానికి నడిమధ్య చిల్లు పెట్టారు. రోలండ్ పరిచిన మూత ఓ పక్కకి జారింది. “నీ పెళ్ళినాటి టోపీలా ఉందిరా అన్నయ్యా” అని చెల్లెలు పకపకా నవ్వింది. అన్నకీ నవ్వాగలేదు.

గంటన్నర తర్వాత రెండూ ఓవెన్‌లోంచి బంగారు రంగులో బయటికొచ్చాయి. పక్కింటి నుంచి ఎడ్నా పిన్ని చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. అమ్మకి సొంత చెల్లెలు. సైలస్ అడక్కుండానే రెంటిలోంచీ ఒక్కో ముక్క తీసుకుని తన మూలకి వెళ్ళిపోయాడు.

పిన్ని ముందు వైనుది రుచి చూసింది. “బాగుందే. కానీ ఇది కాదు.”

తర్వాత బీరుది. నమలడం ఆపి కళ్ళు మూసుకుంది.

“ఇదే” అంది. “అచ్చం ఇదే.”

“చెప్పానా!” రోలండ్ బల్ల మీద గుద్దాడు. “అమ్మ చేతి రుచి!”

మ్యురియల్ ఓ ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అవునన్నయ్యా, ఇదే. ఓడిపోతే ఓడిపోయాను, దొరికింది కదా. రేపు ఇదే చేద్దాం.”

రోలండ్ చెల్లెలి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. “చేద్దాం. కానీ నేను గుడ్డిగా ఒంపేశాను. పిన్నీ, అమ్మ బీరు సరిగ్గా ఎంత పోసేదో నీకేమైనా తెలుసా?”

పిన్ని తాపీగా మూతి తుడుచుకుంది.

“మా అక్కకి పిండి కలపడమే రాదురా! చేసేది తనేనని తెలిస్తే పబ్బులో నలుగురూ నవ్వుతారని ఒట్టేయించుకున్నాడు కాబట్టి నలభై ఏళ్ళూ నోరు కుట్టుకున్నాను. బీరెంతో కావాలంటే, అదిగో, ఆ మూల పేపరు చాటున మూడో ముక్క లాగిస్తున్నాడే మా బావ, ఆయన్నడుగు.”