కార్జం ముక్క

ఆ చెయ్యి ఇంకా పళ్ళెం దాటనేలేదు. పెళ్ళికొడుకు తల్లి ఉల్మెకెన్ అప్పుడే కాస్త వెనక్కి జరిగింది.

పళ్ళెంలో వేడివేడి గొర్రె కార్జం, తోక కొవ్వు. ఆచారం ప్రకారం ఆడపిల్ల వాళ్ళు తమ చేత్తో తినిపించాలి. మగపిల్లాడి వాళ్ళు తినాలి. ముక్క గొంతు దిగిందంటే సంబంధం ఖాయం. ఆ తరవాత వెనక్కి పోవడమంటూ లేదు.

పెళ్ళికూతురు మరల్‌కి తండ్రి లేడు. అందుకని ఆమె అన్న తోక్తార్ తినిపిస్తున్నాడు. నిండా ముప్పై ఏళ్ళు లేవు. తల ఒక పక్కకి ఒరిగిపోయింది. పెదాలు సాగదీసి ఊరికే ఇకిలిస్తున్నాడు. మూతి మూల నుంచి కారిన చొంగతో చొక్కా కాలరు తడిసి ముద్దయింది.

"తి...నం...డ...త్తయ్యా."

నాలుక మడత పడుతోంది. చెయ్యి లేచింది. భుజం దగ్గర్నుంచి గద్ద రెక్కలా కొట్టుకుంటోంది. కొవ్వు కరిగి వేళ్ళ సందుల్లోంచి జారి, ఉల్మెకెన్ కొత్త ముఖమల్ కోటు మీద చుక్కలు చుక్కలుగా పడింది. ముక్క నోటికి రాబోయి ముక్కుకి తగిలింది. ఆ వెనకే జిడ్డు వేళ్ళు.

ఆమె మొహం తిప్పేసుకుంది. కార్జం చెంపకి రాసుకుని ఒళ్ళో పడింది.

"ఛీ!"



ఉల్మెకెన్ పెద్దబావగారు కుర్మాన్ అయిదో గ్లాసు వోడ్కా చుక్క ఒలక్కుండా ఎత్తి నవ్వాడు. "ఏమ్మా, మీవాడు మాకంటే ముందే మొదలెట్టినట్టున్నాడే! మమ్మల్నీ పిలవాల్సింది."

"తాగలేదు అన్నయ్యగారూ," అంది మరల్ తల్లి రబీగా. ఆవిడ మొహం పాలిపోయింది. "మావాడు చుక్క ముట్టడు."

ఉల్మెకెన్ చెంప తుడుచుకుంటూ నవ్వింది. "ఆ మాట నేను పదకొండేళ్ళు విన్నాను వదినా."

పదకొండేళ్ళు. మొగుడు ముకాష్‌కీ ఇదే చెయ్యి, ఇదే చొంగ, ఇదే ముద్దమాట. "చుక్క ముట్టలేదే, నా మాట నమ్మవే" అనేవాడు. గడ్డివాము వెతికింది, గుర్రాల పాక వెతికింది. ఒక్క సీసా దొరకలేదు. నోరు వాసన చూసింది. అదీ లేదు. ఎంత జిత్తులమారి! మింగుడుపడక నోట్లోంచి మెతుకులు మళ్ళీ గిన్నెలో పడుతుంటే చూడలేక, వాడికి వేరే గిన్నె ఇచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టింది. ఒక చలికాలం ఆ గుమ్మం కూడా మూసేసింది. ముకాష్ అన్న కుర్మాన్ పాకలో పడి ఉండి, ఒళ్ళంతా పసుపు పులుముకున్నట్టయి, మంచు కరిగేలోపే పోయాడు. ఆమె ఏడవలేదు.

వాడి నుంచి వచ్చిన మంచి ఒక్కటే, కొడుకు జసులాన్. ఆ పిల్లికళ్ళు చూసే మరల్ పడిపోయిందని ఊరంతా ఆటపట్టిస్తారు. ఈ రెండేళ్ళలో మరీ, అచ్చం తండ్రి కళ్ళే.

"ఇది తాగుడు కాదు వదినా, రోగం," రబీగా గబగబా చెప్పుకుపోతోంది. "మనం తినే తిండిలో రాగి ఉంటుందట. అందరికీ బయటికి పోతుంది, వీడికి పోదు. కార్జంలో పేరుకుని, అక్కణ్ణుంచి మెదడుకెక్కుతుందట. అల్మాతీ పట్నంలో డాక్టరు కళ్ళలో లైటు వేసి చూడగానే చెప్పేశాడు. నల్లగుడ్డు అంచు చుట్టూ రాగిరంగు వలయం ఉందన్నాడు. మందు ఉందట. మొదట్లోనే పట్టుకుని ఉంటే చేతులు ఇలా అయ్యేవి కావట. మేమూ తాగుడనుకుని మూడేళ్ళు వాణ్ణి తన్నాం, వదినా..."

"మరి మరల్‌కి?"

"దానికి పరీక్ష చేయించాం, రోగం లేదు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకి తగులుతుందట."

"అంటే నీ వైపూ కుళ్ళే, నీ మొగుడి వైపూ కుళ్ళే!" ఉల్మెకెన్ లేచి నిలబడింది. ఒళ్ళోని కార్జం ముక్కని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని పళ్ళెంలో పడేసింది. "ఇలాంటి రక్తం నా ఇంట్లో అడుగు పెట్టదు. పదండి బావగారూ!"

తోక్తార్ ఇంకా ఇకిలిస్తూనే ఉన్నాడు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. ఆమెకి అది ఇంకా రోతగా అనిపించింది.

బయట మధ్యాహ్నపు ఎండ మంచు మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. ఇది పెద్దల తంతని లోపలికి రాని జసులాన్ కారులో కూర్చుని ఉన్నాడు. వచ్చేటప్పుడు వాడు గేటు స్తంభానికి కారు రాసేస్తే, పెళ్ళికొడుకు కంగారని అందరూ నవ్వుకున్నారు.

"తిన్నావా అమ్మా?"

"వాంతొచ్చింది. తియ్యి బండి. ఈ సంబంధం లేదు."

"అమ్మా! మరల్ లేకపోతే నేను..."

"తియ్యమన్నానా!"

తాళంచెవి కన్నంలోకి దూరలేదు. పక్కన గీసుకుంది. మళ్ళీ గీసుకుంది. మూడోసారి వేళ్ళలోంచి జారి కింద పడింది. వెనక సీట్లో కుర్మాన్ నవ్వబోయి ఆగిపోయాడు.

ఉల్మెకెన్ గొంతు పైకి లేచింది. "నువ్వూ మొదలెట్టావా? ఆ తాగుబోతు బుద్ధి ఎక్కడికి పోతుంది!"

"నేను చుక్క ముట్టలేదమ్మా. నా మాట నమ్ము."

"నా కళ్ళలోకి చూసి చెప్పు!"

కొడుకు గడ్డం గట్టిగా పట్టుకుని ఎండకేసి తిప్పిందామె: ఊరంతా మెచ్చుకునే ఆ పిల్లికళ్ళ నల్లగుడ్డు అంచున, ముకాష్ కళ్ళలో ఆమె రోజూ చూసినట్టే, సన్నటి రాగి వలయం.