గడప దాటినా తెగని బేరం

ఆ పొద్దున పాత సామాన్ల షావుకారు చేతిలో ఉన్న ఆస్తి ఇదీ: అమ్మకానికి ఒక ఊగే కుర్చీ, జేబులో ఒక కొత్త ఫోను, కాళ్ల ముందు దుకాణం గడప.

గడపే కదా అని తీసిపారెయ్యకూడదు. పాత ఫోన్లో కాల్స్ దుకాణం వైఫై మీదే నడిచేవి, ఆ వైఫై సరిగ్గా అక్కడిదాకానే వచ్చేది. ఫోన్లో ఎవరైనా మరీ గీసి గీసి బేరమాడితే షావుకారు ఓ అడుగు బయటికి వేసేవాడు. కాల్ టక్కున తెగేది. కోపమొచ్చి పెట్టేశాడనుకుని అవతలివాళ్లే రేటు పెంచి మళ్లీ చేసేవారు. పెట్టుబడి లేకుండా లాభం తెచ్చిపెట్టింది ఆ గడప ఒక్కటే.

కుర్చీ సొంత ఇంటిదే. మధ్యాహ్నం పూట భార్య అందులో నడుం వాల్చేది.

"నా కుర్చీ అమ్మారంటే ఊరుకునేది లేదు" అంది.

"మంచి ధర పలికేటప్పుడు నీదేమిటి, నాదేమిటే?" అని మొన్ననే దుకాణానికి చేర్చేశాడు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. పొద్దున ఇంటి ఖర్చుకని డబ్బడిగింది. అడిగినదాంట్లో సగం చేతిలో పెట్టి, గొడవ అంతటితో తీరిందనుకున్నాడు. ఆమె పోరు పడలేక కొన్న కొత్త ఫోను జేబులో వేసుకుని దుకాణానికి వచ్చాడు.

భోజనాల వేళకి ఫోను మోగింది.

"షావుకారు గారూ, ఆ ఊగే కుర్చీ ఎంతకిస్తారు?" ఎవరో అమ్మాయి గొంతు.

చెప్పాడు. ఆమె సగానికి అడిగింది.

షావుకారు ఠీవిగా గడప దాటాడు.

"వింటున్నారా?" అంది ఫోను.

ఉలిక్కిపడ్డాడు. మరో నాలుగడుగులు వేశాడు.

"హారన్లు వినపడుతున్నాయి. బయటికొచ్చారాండీ?"

కొత్త ఫోను వైఫై వదలగానే సిమ్ సిగ్నల్‌ని అందుకుంది. మాట మధ్యలో చిన్న గరగర కూడా లేదు. షావుకారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎలాగూ ఇంటికి వెళ్లే వేళే కదా అని నడక సాగించాడు.

"అంత తక్కువకి ఎలా తల్లీ?"

"ఇంటాయన చేతిలో పెట్టింది అంతేనండీ."

"వట్టి పిసినారిలా ఉన్నాడే! అలాంటి మనిషితో ఎలా వేగడం?"

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

"అలవాటైపోయిందట లెండి."

మందుల షాపు దాటింది. ఇస్త్రీ బండి దాటింది. కాల్ తెగదు, ఆ అమ్మాయి దిగిరాదు. బేరంలో అరువు తెచ్చుకోడానికి ఇంకో గడప లేదు.

"సరే, ఆ పిసినారి మొహం చూసి కాదు, నీ మొహం చూసి ఇస్తున్నా. ఖాయం!"

"మోయించే కూలీ మీదే."

"నాదేలే!"

ఇంటి గేటు తియ్యగానే ఫోను సిగ్నల్‌ని వదిలి ఇంట్లో వైఫైని పట్టుకుంది. ఈసారీ మాట తెగలేదు.

"ఇంతకీ ఎక్కడికి పంపమంటావమ్మా?" వాకిట్లో చెప్పులు విడుస్తూ అడిగాడు.

"తీసిన చోటికే" అని పక్కింటి కోడలి చేతిలోని ఫోను మీదికి వంగి భార్య అన్న మాట చెవిలోనూ వంటింట్లోంచీ ఒకేసారి వినిపించేసరికి షావుకారు లెక్క తేలిపోయింది: పొద్దున తానిచ్చిన డబ్బు తనకే, తన కుర్చీ తన ఇంటికే, పైన మిగిలిన లాభమల్లా కూలీ ఖర్చూ, పిసినారి అన్న పేరూ.