ముగ్గుతో గీసిన పల్లె

"అక్కడ ఇల్లు లేదొదినా. వట్టి దిబ్బ" అన్నాడు రాజారత్నం, చేతికర్రతో నేల మీద చూపిస్తూ.

"దిబ్బ కాదు. దిబ్బ పక్కన" అంది సువార్తమ్మ.

నాగాయలంక అవతల ఆ పల్లె చర్చి ఆవరణంతా ఆ పూట తెల్లటి గీతలే. పొద్దున్నే ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గుపిండితో ఊరిని గీస్తున్నారు. ఇప్పుడున్న కాలనీని కాదు, డెబ్బై ఏడులో ఉప్పెన ఊడ్చుకుపోయిన పాత పల్లెని. అది ఉన్న చోటంతా ఇప్పుడు రొయ్యల చెరువులు. అప్పటి పటాల్లో వెతికితే ఒక చుక్క, పక్కన పేరు. అంతే.

ఈ పని పెట్టింది జెనిఫర్. బందరు పిల్ల, యూనివర్సిటీలో చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. రాజులూ కోటలూ ఆ పిల్లకి పట్టవు. ఉప్పునీటి పక్కన, చవిటినేల మీద ఒక పల్లె ఎలా బతికిందో అక్కడి వాళ్ల జ్ఞాపకాల్లోంచే తిరిగి కట్టాలని ఆశ. పెద్దవాళ్లు చుట్టూ కుర్చీల్లో కూర్చుని చెప్తుంటే ఇంటికో ఇటుక పెట్టి, సుద్దతో పేరు రాస్తోంది. పటం పూర్తయ్యాక పై నుంచి ఫోటో తీసి, ఉపగ్రహం తీసిన బొమ్మ మీద పరుస్తుంది. నియమం ఒక్కటే. ఏ ఇటుక పెట్టాలన్నా ఇద్దరు సాక్ష్యం చెప్పాలి.

పొద్దుట్నుంచీ పని హుషారుగానే సాగింది. ఎవరి పాక ఎవరి గట్టు మీదికి జరిగిందో ఆనాటి తగువులు కూడా మళ్లీ లేచి, టీలు వచ్చాక చల్లారాయి. సువార్తమ్మ ఇంటి దగ్గరే పీటముడి పడింది. ఆవిడ ఇటుకని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"మీ కాపురం మీ అత్తగారింట్లోనే కదొదినా? ఆ ఇటుక పెట్టేశాంగా" అన్నాడు రాజారత్నం.

"అత్తగారింట్లోనే ఉన్నాం. కాదన్నానా? ఇది నాదీ, మీ అన్నదీ."

అన్న అంటే సువార్తమ్మ భర్త మత్తయి, రాజారత్నానికి పెదనాన్న కొడుకు. ఉప్పెనలో మత్తయి పోయాడు, అత్తమామలూ పోయారు. పెళ్లయి ఏడాదైనా తిరగని సువార్తమ్మ తుమ్మకొమ్మల్లో చిక్కుకుని బతికింది.

జెనిఫర్ ఒళ్లంతా చెవులు చేసుకుంది. తను వచ్చింది ఇలాంటిదాని కోసమే! ఊరంటే మగవాళ్లు ఇంటిపెద్దల పేర్లు చెప్తారు, ఆడవాళ్లు పొయ్యిలు చెప్తారు. అత్తగారి కప్పు కింద కలిపేసిన వేరు కాపురం ఒకటి ఇన్నేళ్లకి బయటపడబోతోంది. థీసిస్‌లో ఆ అధ్యాయానికి ఏం పేరు పెట్టాలో కూడా ఆలోచించేసింది. చదువుకున్నవాళ్లకి తొందర ఎక్కువ.

"ఇల్లు ఎలా ఉంటుందో చెప్పండి మామ్మగారూ."

"రెండు గదులమ్మా. తలుపు తూర్పుకి. పొయ్యి పక్కనే కిటికీ, పొగ కళ్లల్లో పడకుండా. పైన పెంకు."

"పెంకా!" రాజారత్నం పకపకా నవ్వాడు. "పల్లె మొత్తానికి చర్చి మీద తప్ప పెంకెక్కడిదొదినా? మనందరివీ తాటాకు కొంపలేగా!"

"మాది పెంకే. ఎంత వానొచ్చినా చుక్క కారదు."

"గోడలండీ?" జెనిఫర్ అడిగింది.

"మట్టివే. ఏటా క్రిస్మస్‌కి సున్నం కొడతాం. నడిమి దూలానికి ఉయ్యాల కొక్కెం."

"ఉయ్యాల్లో ఎవరు?"

"ఇంకా ఎవరూ లేరమ్మా."

ఇల్లు ఇప్పుడూ ఎదురుగా ఉన్నట్టే చెప్తోంది. జెనిఫర్ మిగతా పెద్దవాళ్ల వైపు చూసింది. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని తల అడ్డంగా ఊపారు. ఆ పిల్లకి మనసు చివుక్కుమంది.

"ఇంకొకరు చెప్పకపోతే పెట్టకూడదు మామ్మగారూ. అందరికీ అదే పద్ధతండీ."

"పటంలో పెట్టకపోతే ఇంకెక్కడా ఉండదమ్మా. నా తర్వాత చెప్పేవాళ్లు లేరు."

రాజారత్నం ఈసారి వాదించడానికి కాదు, తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"ఆ కొక్కెం ఎక్కడ చేయించారొదినా?"

"అవనిగడ్డలో, కమ్మరి దగ్గర. మీ అన్న సైకిలు వెనకాల నువ్వూ ఎక్కి వెళ్లావుగా. ఉయ్యాల నువ్వు కొనిపెడతానన్నావు కూడా."

రాజారత్నం మొహంలో నవ్వు చెరిగిపోయింది. నేల మీద గీతల్ని, దిబ్బ పక్కన ఖాళీని చూశాడు. తర్వాత ఆవిడ ఒళ్లో ఇటుకని చూశాడు.

"ఉందమ్మాయ్" అన్నాడు. "ఇప్పుడు గుర్తొచ్చింది. పెంకుటిల్లే. నా సాక్ష్యం రాసుకో."

"నిజంగానా తాతగారూ?"

"పెద్దవాణ్ణి, చర్చి ఆవరణలో నిలబడి చెప్తున్నాను. రాసుకో తల్లీ."

జెనిఫర్ సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టేసింది. సువార్తమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఏ గీతా తొక్కకుండా, వీధి వెంట నడిచి వెళ్లింది. దిబ్బ పక్కన కూర్చుని ఇటుక పెట్టింది. తూర్పుకి లేదనిపించి కాస్త తిప్పింది. రాజారత్నం కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

జెనిఫర్ సుద్దముక్కతో ఇటుక మీద మత్తయి, సువార్తమ్మ అని రాసింది.

"ఒక్క ముక్క మామ్మగారూ, కట్టడం ఎప్పుడు మొదలుపెట్టారు? అన్ని ఇళ్లకీ రాస్తున్నాను."

సువార్తమ్మ ఇటుక మీద పడిన ముగ్గుపిండిని కొంగుతో తుడిచింది.

"తుపాను తగ్గాక మొదలెడదామన్నాడమ్మా."