ముడులేసిన దారం

కత్తెర రెండో కన్ను కూడా కోసేసింది. వాణి టీచర్ అట్టముక్కను దులిపేసి, మాస్కును సాహిరా చేతికిచ్చింది.

"ఇప్పుడు చూడు, ఎంత బాగుందో!"

ఐదేళ్ల సాహిరా చూడలేదు. మాస్కును బల్ల మీద బోర్లా పెట్టి, పెదాలు బిగించుకుని కూర్చుంది.

రేపు సూళ్లూరుపేటలో పక్షుల పండగ. బడిపిల్లలంతా ఫ్లెమింగో మాస్కులు పెట్టుకుని, అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని ఊరేగింపులో నడవాలి. పొద్దుటి నుంచీ క్లాసు నిండా గులాబీ కాగితాలు, చమ్కీలు, కోడి ఈకలు, గమ్ము. ఎవరి మొహాన్ని వాళ్లు దారంతో కొలిపించుకుని రమ్మని టీచర్ నిన్ననే చెప్పింది. సాహిరా కూడా తెచ్చింది, పెన్సిల్ బాక్సులో దాచుకుని, కొలత గుర్తుకి రెండు ముడులేసిన దారం.

"ఇది నీ మొహానికి రెట్టింపుందే!"

"ఇదే కరెక్టు టీచర్."

"దిష్టిబొమ్మకి పెడతావా ఏంది?" అంది టీచర్ వేళాకోళంగా. పిల్లలంతా గొల్లుమన్నారు.

సాహిరా ఆ కొలతకే గీసింది. పైగా ఒక కన్నే పెట్టింది. బోర్డు మీది బొమ్మలో ఫ్లెమింగో పక్కకి తిరిగి ఉంది, ఒక కన్నే కనబడుతోంది. పిల్ల దాన్నే దించిందనుకుంది టీచర్.

"పక్షికి అవతలి పక్క కూడా కన్నుంటుందమ్మా."

"తెలుసు టీచర్."

"మరి?"

సాహిరా ఆ ఒక్క కంటి చుట్టూ చమ్కీలు అంటించసాగింది. "ఒంటికన్ను కొంగ!" అని పక్కన కూర్చున్న బిందు మొదలుపెట్టింది. క్లాసంతా అందుకుంది. రేపు నలుగురిలో పిల్ల నవ్వులపాలు కాకూడదనే టీచర్ కత్తెర తీసింది. అంచులు కత్తిరించి చిన్నది చేసింది, ఎలాస్టిక్ తాడు కురచ చేసింది, రెండో కన్ను పెట్టింది. ఒక్క మాటైనా అడగకుండా చేసినందుకు ఇప్పుడు మనసు పీకుతోంది.

"నా మీద కోపమా? ఇంకొకటి చేద్దామా?"

"అట్టలు అయిపోయినాయి గదా టీచర్."

నిజమే. తలకొకటే లెక్కేసి తెచ్చింది. ఏం చెయ్యాలో తోచక మాస్కు తీసి సాహిరా మొహానికి తనే పెట్టింది. అతికినట్టు కుదిరింది. ఆ కుదరడంతోనే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

బడి వదిలే వేళకి సాహిరా నాయనమ్మ నూర్జాన్ వచ్చింది. ఆర్నెల్లుగా ఆమే వస్తోంది.

"రేపు మీ అబ్బాయి అక్రమ్ గారిని కూడా పంపండమ్మా. పిల్లకి సంతోషంగా ఉంటుంది."

నూర్జాన్ కొంగు సర్దుకుంది. "ఎట్టొస్తాడు టీచరమ్మా? పిల్లకాయలు జడుసుకుంటుండారు, గేటు కాడికి రావద్దని మీరే అంటిరి గదా."

వాణి అన్న మాట నిజమే. వెల్డింగ్ షాపులో మొహం కాలిన తర్వాత అతను మొదటిసారి కూతురి కోసం వచ్చిన రోజు, ఇద్దరు పిల్లలు ఏడిస్తే, మర్యాదగానే అంది. అంటున్నప్పుడు ఆ మొహం వంక సరిగ్గా చూడనైనా చూడలేదు. అతను సరేనని తల వంచుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే సిగ్గేసింది.

"అనకూడని మాట అన్నానమ్మా. రేపు తప్పకుండా రమ్మనండి, నేను రమ్మన్నానని చెప్పండి."

"నిజం చెప్పాలంటే వస్తాననే అన్నాడమ్మా వాళ్ల అబ్బా నిన్న. ఈ పిల్లే ఏందో చెప్పి ఒప్పించింది."

వాణి సాహిరా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అయితే మంచిదే గదమ్మా! మరెందుకు ఏడుస్తున్నావు?"

సాహిరా మాస్కును పైకెత్తి, టీచర్ కోసిన కంటిని అరచేత్తో మూసింది.

"అబ్బాకి ఒక్క కన్నే గదా టీచర్."