అన్నయ్య వదిలిన ప్రోగ్రాం

అన్నయ్య కన్నుమూసి నెలరోజులైంది. అతడు సగంలో విడిచిన ప్రోగ్రాంను పూర్తిచేసే భారం, ఆఫీసులో అతడి పక్క కుర్చీలో కూర్చునే చెల్లెలిపైనే పడింది. అందరూ వెళ్లిపోయిన ఆ రాత్రి, ఆమె కోడు రాసిపెట్టే ఏఐ సహాయకుణ్ణి కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసి, "క్లుప్తంగా చెప్పు, అడగనిదే ఏదీ మార్చకు" అని సూచనల ఫైలులో రాసింది. పిమ్మట, అన్నయ్య రాసిన కోడులో తనకు అంతుబట్టని వరుసలను చెరిపివేయమని ఆదేశించింది.

నల్లని తెరపై జవాబు వచ్చింది: "చెరపకు పిచ్చుకా. అర్థం కాకపోతే అడగొచ్చుగా, నోరేమైనా అరిగిపోతుందా?"

ఆ ముద్దుపేరుతో ఆమెను పిలిచినవాడు అన్నయ్య ఒక్కడే. సూచనల ఫైలంతా వెదికినా ఆ మాట లేదు. సహాయకుణ్ణి సమూలంగా తొలగించి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసింది. ఆమె ఏమీ అడగకముందే తెరపై ఒక ప్రశ్న నిలిచింది.

"ఏమైనా తిన్నావా?"

రోజూ ఈ వేళకు అన్నయ్య అడిగే మాటే అది. తొలగించే ఆదేశాన్ని ఆమె మరల టైపు చేసింది. మీట నొక్కబోయిన వేలు గాలిలోనే ఆగిపోయింది. నొక్కితే అతణ్ణి రెండోసారి సాగనంపినట్టే. దైవమా, మాయే అయినా కాసేపు ఉండనీ అనుకుని, ఆదేశం చెరిపి, "లేదన్నయ్యా" అని రాసింది.

"అయితే లే, పోదాం."

పక్కనున్న ఖాళీ కుర్చీ మెల్లగా వెనక్కి జరిగింది.